ఆరు ఆదివారాల ఖాళీ గడులు

మా చర్చి సంఘంలో యౌవనస్థులకు ఒక హాజరు పుస్తకం ఉండేది. ఎర్రగుడ్డ అట్ట, పొడుగాటి కాగితాలు. ఎడమవైపు పేర్లు. ప్రతి ఆదివారానికీ రెండు గడులు. మొదటి గడిలో వచ్చినవాళ్ళకు గీత, రానివాళ్ళకు సున్నా. రెండో గడి మీద "కారణం" అని రాసి ఉండేది. ఆరాధనకు ఎవరైనా రాకపోతే మధ్యాహ్నం భోజనాలయ్యాక వాళ్ళింటికి వెళ్ళి పలకరించి, చిన్న ప్రార్థన చేసి, ఎందుకు రాలేదో కనుక్కుని ఆ గడిలో రాయాలి. జ్వరం. ఊరికి పోయింది. తమ్ముడికి తట్టు. ఒకసారి ఒకబ్బాయి "చెప్పులు తెగినయి" అన్నాడు. అదే రాశాను.

ఆ పుస్తకం రెండేళ్ళు నా చేతిలో ఉంది. పేర్లు రాయవలసిన పని అప్పుడు చేశాను కాబట్టి ఇప్పుడు ఎవరి పేరూ రాయను. వాళ్ళలో చాలామంది ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. మిగిలినదాన్ని నేనే కాబట్టి నా తప్పు నేనే చెప్పుకోవాలి.

మా ఇల్లు సికింద్రాబాదులో, రెజిమెంటల్ బజారు వెనక సందులో. నాన్న పటాలం వాళ్ళకు యూనిఫారాలు కుట్టేవాడు. తెల్లదొరల పటాలాలు వెళ్ళిపోయాక మిషను చప్పుడు తగ్గింది. అమ్మ చర్చిలో స్త్రీల ప్రార్థన కూడిక నడిపేది. నేను ఒక్కదాన్నే కూతుర్ని. ఆరేళ్ళ వయసు నుంచి బైబిలు వాక్యాలు కంఠతా చెప్పడంలో నాకు ఎదురు లేదు. ఏటా బహుమానం నాదే. తెల్లగౌను వేసుకుని వేదిక ఎక్కి, ఒక్క అక్షరం తప్పకుండా చెప్పి, దిగి వచ్చేటప్పుడు అమ్మ మొహం చూసేదాన్ని. దేవుడి మొహం కూడా అలాగే వెలుగుతుందని అనుకునేదాన్ని. చెప్పింది తప్పితే ఆ వెలుగు ఆరిపోతుందని కూడా అనుకున్నాను. ఈ రెండోది నాకు ఎవరూ నేర్పలేదు. నేనే నేర్చుకున్నాను.

నా స్నేహితురాలు మా సందుకు రెండు సందుల అవతల ఉండేది. వాళ్ళ నాయన రైల్వే గార్డు. తల్లి చిన్నప్పుడే పోయింది. ఇంట్లో కళ్ళు సరిగా కనపడని నాయనమ్మ. చర్చిలో చాపల మీద కూర్చునేవాళ్ళం. ఆమె, నేను ఎప్పుడూ ఒకే చాప. ఆరాధన అయ్యాక చాపలు చుట్టే పని కూడా మా ఇద్దరిదే. ఒకరు ఈ కొస, ఒకరు ఆ కొస. వాక్యం చెప్పమంటే మధ్యలో మరచిపోయి నవ్వేసేది. పాట మొదలుపెడితే రాగం ఎటో పోయేది. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, పాటల పుస్తకంలోంచి తల ఎత్తి చూసేవారు. బళ్ళో మాత్రం జీవశాస్త్రంలో ఆమె మొదట, నేను రెండు. ఇంటర్మీడియట్‌లోనూ అంతే. కప్పను కోసినప్పుడు నా చెయ్యి వణికేది. ఆమె చెయ్యి వణకలేదు.

ఇద్దరికీ డాక్టరు చదవాలని ఉండేది. ఊళ్ళో ఉన్న వైద్య కళాశాలలో ఇకముందు ఏ భాషలో చెబుతారో, ఎవరిని తీసుకుంటారో ఎవరికీ తెలియని రోజులు. మద్రాసు రాష్ట్రం వైపు ఒక మిషను వైద్య కళాశాల ఉండేది. దానికి మా సంఘం ఏడాదికి ఒక్క పేరు పంపవచ్చు. ఒక్క సిఫారసు ఉత్తరం. అది ఉంటేనే అక్కడ ఎంపికకు కూర్చోనిస్తారు. పెద్దల కమిటీ మార్కులు చూస్తుంది, తర్వాత హాజరు పుస్తకం చూస్తుంది. నాలుగు ఆదివారాల కన్నా ఎక్కువ కారణం లేకుండా మానినవాళ్ళ పేరు పంపకూడదని నియమం. అంటే ఆ ఉత్తరం ఎవరిదో తేల్చే పుస్తకం, ఉత్తరం కోరుకుంటున్న నా చేతిలోనే ఉంది. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు. నా మీద సంఘానికి ఉన్న నమ్మకం అలాంటిది.

పోలీసు చర్య జరిగింది మా ఇంటర్మీడియట్ రెండో ఏడు. భారత సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు, బజారులో కొత్త జెండాలు వచ్చాయి. ఊళ్ళో పెద్దగా ఏమీ జరగలేదు కానీ జిల్లాల నుంచి వచ్చే వార్తలు వేరుగా ఉండేవి. రజాకార్లు చేసినవాటికి, వాళ్ళతో సంబంధం లేని వాళ్ళ మీద కూడా పగ తీరుతోందని చెప్పుకునేవాళ్ళు. సంఘమంతా ప్రతి ఆదివారం రెండు గంటలు ఎక్కువ కూర్చుని శాంతి కోసం ప్రార్థన చేసేది. ఆ రోజుల్లో చర్చికి రావడం ధైర్యం కింద లెక్క. ఒక్కరూ మానలేదు.

నా స్నేహితురాలు మానింది. సైన్యం వచ్చాక మూడో ఆదివారం చాప మీద నా పక్కన ఖాళీ.

మధ్యాహ్నం పుస్తకం చంకలో పెట్టుకుని వాళ్ళింటికి పోయాను. తలుపు గడియ వేసి ఉంది. పగలు వాళ్ళు గడియ వేయడం ఎప్పుడూ చూడలేదు. నా గొంతు విని తెరిచింది. చీర కొంగు నడుముకు దోపుకుని ఉంది. కొంగు మీద రక్తం, మసి.

"లోపటికి రా. జెర జల్దిగ రా," అని మళ్ళీ గడియ వేసింది.

వెనక గదిలో చాప మీద ఒక ఆడమనిషి పడుకుని ఉంది. పక్కన గుడ్డల్లో అప్పుడే పుట్టిన బిడ్డ. నాయనమ్మ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని ఏదో పాట గొణుగుతోంది. పొరుగింటి ముసలమ్మ చెల్లెలి కూతురట ఆ మనిషి. ముసల్మానులు. బీదరు వైపు పల్లె నుంచి వారం రోజులు పొలాల్లో పడి నడిచి వచ్చింది, నిండు చూలాలు. భర్తను ఎవరో పట్టి పోలీసులకు అప్పజెప్పారు. పొరుగింట్లో సోదా జరుగుతుందేమోనని భయపడి, తలుపు మీద సిలువ గుర్తున్న ఇంట్లోకి ఎవరూ రారని ఈ ఇంట్లో పడుకోబెట్టారు. పొద్దున సరిగ్గా మా చర్చి గంట మోగేవేళ నొప్పులొచ్చాయి.

"మంత్రసానిని పిలిస్తే బజారంత తెలుస్తది. ఇగ ఎవలున్నరు? నేనే," అంది.

ఆ ఆడమనిషి నన్ను చూసి భయపడింది. "ఎవరు బిడ్డా?" అని తెలుగులోనే అడిగింది.

"నా దోస్తే. పర్వాలేదు. ప్రార్థన చేయనీకె వచ్చింది," అంది నా స్నేహితురాలు. నాతో, "చేస్తవా? చెయ్యి మరి. నాకు నీళ్ళు మోసే పనుంది," అంది.

నేను మోకరించి చాలా మంచి ప్రార్థన చేశాను. అది మాత్రమే చేశాను. బిందె ఎత్తలేదు, బట్టలు ఉతకలేదు. లేచి పుస్తకం తెరిచి కారణం ఏమని రాయాలని అడిగాను.

"గిప్పుడది ముఖ్యమా ఏందే?"

"రాయాలి గద."

"ఎవ్వరికి చెప్పకు. నాయన రైల్వేల ఉన్నడు. పోలీసులు పట్టుకపోయినోని పెండ్లాన్ని దాచిండంటే నౌకరి ఉండది. జరమని రాయరాదు?"

"దేవుని పుస్తకంల అబద్ధం రాయను," అన్నాను.

"అయితే ఖాళీ ఉంచు," అని బిందె తీసుకుంది.

ఖాళీ ఉంచాను. ఆ రోజు ఇంటికి నడుస్తూ నా నిజాయితీకి నేనే మురిసిపోయాను. బాలింతకు జ్వరం పట్టుకుంది. ఆరు ఆదివారాలు తగ్గుతూ పెరుగుతూ ఉంది. ఆరు ఆదివారాలూ నా స్నేహితురాలు రాలేదు. ఆరు సున్నాలు, ఎదురుగా ఆరు ఖాళీ గడులు. మొదటి వారం తర్వాత నేను మళ్ళీ పలకరించడానికి కూడా వెళ్ళలేదు. కారణం తెలుసు కదా, పోవడమెందుకు అనుకున్నాను.

తర్వాతి వేసవికి పరీక్షల ఫలితాలు వచ్చాయి. ఆమెకు నాకన్నా బాగా వచ్చాయి. మా అమ్మ అప్పటికే స్త్రీల కూడికలో నా కోసం ఉపవాస ప్రార్థన పెట్టించింది. నాన్న ఒక తెల్లకోటు కత్తిరించి పెట్టాడు, చేతులు మాత్రం కుట్టలేదు. "చేతులు సీటొచ్చినంక," అన్నాడు నవ్వుతూ. గోడకు తగిలించిన ఆ చేతుల్లేని కోటు పొద్దున లేవగానే కనిపించేది. ఆ ఉత్తరం నాకు రాకపోతే నేనెవర్ని? వాక్యాలు చెప్పే పిల్ల, బహుమానాల పిల్ల, అమ్మ మొహంలో వెలుగు, ఇవన్నీ పోతే మిగిలేది ఏమిటి? దేవుడు నన్ను ఊరికే ప్రేమిస్తాడని వందసార్లు వేదిక మీద చెప్పిన నోరు నాది. ఆ మాటను నేను ఒక్కరోజు కూడా నమ్మలేదని ఆ వేసవిలో తెలియలేదు. చాలా ఏళ్ళకు తెలిసింది.

కమిటీ కూర్చున్న రోజు పుస్తకం తీసుకుని నేను వెళ్ళాను. పెద్దలు పేజీలు తిప్పారు. ఒక పెద్దాయన వేలు ఆ ఆరు సున్నాల దగ్గర ఆగింది. "సంఘమంత కన్నీళ్ళతోని ప్రార్థన చేస్తుంటే ఈ పిల్ల యాడ ఉండె?" అన్నారు. నన్ను బయట కూర్చోమన్నారు.

కాసేపటికి అయ్యగారు ఒక్కరే వచ్చారు. చర్చి వెనక చిన్నగదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు. మెత్తని మనిషి. కోపం ఎరగరు.

"ఆ అమ్మాయిని అడిగితే ఏమీ చెప్పడం లేదు. మార్కులు చూస్తే ఆమెను పంపాలి. ఈ ఆరు వారాలు అడ్డమొస్తున్నాయి. పలకరించడానికి నువ్వే కదా వెళ్ళావు? నీకేమైనా తెలుసా అమ్మా? రహస్యమైతే నాతోనే ఉంటుంది. నేను పెద్దలకు కారణముంది అని మాత్రం చెబుతాను."

అంతకన్నా తేలిక దారి ఎవరు వేసి ఇస్తారు? ఆయన ఒక్కరికి చెబితే చాలు. ఎవరికీ హాని లేదు. నా మాట కూడా తప్పినట్టు కాదు. ఎందుకంటే ఆయన చెవి వరకు చేరింది ఇంకెక్కడికీ పోదని ఊళ్ళో అందరికీ తెలుసు.

"తెలియదు అయ్యగారూ," అన్నాను.

మేము చదువుకున్న బైబిలు కథలో, ప్రభువు ఎవరో తనకు తెలియదని శిష్యుడు అబద్ధం ఆడగానే కోడి కూస్తుంది. ఆ మధ్యాహ్నం ఏదీ కూయలేదు. ఎండ కిటికీలోంచి పడుతోంది. అయ్యగారు తల ఊపి, నా నెత్తి మీద చెయ్యి పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. దేవుని పుస్తకంలో అబద్ధం రాయనన్న నోటితోనే అన్నాను ఆ మాట. సిఫారసు ఉత్తరం మీద నా పేరు రాశారు.

తర్వాతి ఆదివారం నా స్నేహితురాలు ఎప్పటిలాగే వచ్చి నా చాప మీద కూర్చుంది. ఎప్పటిలాగే రాగం తప్పి గట్టిగా పాడింది. చాపలు చుట్టేటప్పుడు ఉండబట్టలేక అడిగాను.

"ఏడ్చినవా?"

"ఏడ్చిన. సోమారం పొద్దటి సంది మాపటిదాక. మంగళారం బట్టలు ఉతికేదుండె, ఇగ ఆపిన." చాప కొస గట్టిగా లాగింది. "సీటు రాకుంటే నేనేమన్న పావుశేరు తక్కువైతనా? కొస మంచిగ పట్టుకో. వంకర పోతుంది."

ఆమె అలా ఎలా ఉండగలిగిందని అప్పుడు ఆశ్చర్యపోయాను, కొంచెం కోపం కూడా వచ్చింది. ఏడుస్తూ ఉంటే ఓదార్చి పుణ్యం కట్టుకుందామని ఉన్నట్టుంది నాకు.

ఎంపికకు రైల్లో వెళ్ళాను. ఒక రాత్రి, ఒక పగలు. అక్కడ మూడు రోజులు అమ్మాయిలందరినీ ఒకే చోట ఉంచి, కలిసి వంట చేయించి, ఆటలాడించి, గమనించేవాళ్ళు. మూడో రోజు ఒక్కొక్కరినీ పిలిచారు. బల్లకు అవతల తెల్లజుట్టు దొరసాని డాక్టరు, ఆవిడ పక్కన ఇంకో ఇద్దరు. నా మార్కుల గురించి అడగలేదు. వాక్యాలు చెప్పమని అడగలేదు. ఒకటే అడిగారు: నీ చేతులతో ఎప్పుడైనా ఒక రోగిని చూసుకున్నావా? చెప్పు.

నా దగ్గర ఏమీ లేదు. అమ్మకు తలనొప్పి వస్తే అమృతాంజనం రాసి ఉంటాను. నా చేతుల వైపు చూసుకున్నాను. తర్వాత నోరు తెరిచి, గడియ వేసిన తలుపు గురించి చెప్పాను. వెనక గది, చూలాలు, బయట మోగుతున్న చర్చి గంట. "నేను" అని చెప్పాను. నేను బిడ్డను పట్టుకున్నాను, నేను బొడ్డుతాడు కోశాను, నేను ఆరు వారాలు జ్వరం చూశాను. నాకు తెలియనిచోట ఆరోగ్యశాస్త్రం పుస్తకంలోంచి తెచ్చి అతికించాను. కత్తెరను మరిగే నీళ్ళలో వేసి ఉడకబెట్టానని చెప్పాను. దొరసాని అక్కడ తల ఊపి ఏదో రాసుకుంది.

గొంతు ఎక్కడా తడబడలేదు. కంఠతా చెప్పడం నాకు అలవాటే కదా.

సీటు వచ్చినట్టు ఉత్తరం అయ్యగారి పేరుకు వచ్చింది. ఆదివారం ఆరాధన చివర నన్ను ముందుకు పిలిచి నిలబెట్టి, ఇంగ్లీషు ఉత్తరాన్ని ఒక్కో వాక్యం తెలుగు చేస్తూ చదివారు. ఆ గడ్డురోజుల్లో పారిపోయి వచ్చిన ఒక స్త్రీకి ఈ అమ్మాయి పురుడు పోసిందని, చెప్పుకోకుండా దాచుకుందని, ఇలాంటి బిడ్డను పంపినందుకు మీ సంఘం ధన్యమైందని రాశారు వాళ్ళు. ఎంత జాగ్రత్తగా కత్తెర ఉడకబెట్టిందో కూడా రాశారు. ఆడవాళ్ళ వైపు నుంచి స్తోత్రం, స్తోత్రం అని వినిపిస్తోంది. నేను కాళ్ళ వేళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాను. అది వినయమని అందరూ అనుకుని ఉంటారు. ఒక్కసారి కళ్ళెత్తితే మూడో చాప మీద ఆమె కనిపించింది. పాటల పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని వింటోంది. వెనక మగవాళ్ళలో గార్డు యూనిఫారంలో వాళ్ళ నాయన లేచి బయటకు వెళ్ళిపోయాడు. బండికి వేళయిందేమో. ఏమో.

అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. "నాకు సుత చెప్పకపోతివి గదనే. ఎప్పుడు చేసినవే గివన్ని?"

"చెప్పొద్దన్నరు అమ్మా," అన్నాను.

చేసిన మేలును తల్లికి కూడా చెప్పుకోని బిడ్డ అని అమ్మ ఇంకా మురిసింది. చనిపోయేదాకా చెప్పుకుంది అందరికీ.

జనం వెళ్ళిపోయారు. చాపలు మిగిలాయి. ఆమె ఆ కొస పట్టుకుని నిలబడింది. నేను ఈ కొస. మొదటి చాప చుట్టాం. రెండోది చుడుతుండగా అంది.

"కత్తెర ఉడకబెట్టలే."

నా చేతులు ఆగిపోయాయి.

"నీళ్ళు పొయ్యి మీద పెట్టేవరకే తలకాయ బయటికొచ్చె. యాడ ఉడకబెడుత? నాయన చేతి లాంతరు మంట మీద కాల్చిన. మసి పట్టింది. కొంగుకు తుడిచిన. గందుకే ఆమెకు జరమొచ్చిందేమో అని ఇప్పటికి నాకు నిద్ర పట్టది." చాపను మోకాలికి ఆనించి బిగించింది. "చెప్పుకుంటే చెప్పుకున్నవు. ఉడకబెట్టిన అని మాత్రం చెప్పకపోయేదుండె."

నేను ఏడవడం మొదలుపెట్టాను. రేపే అయ్యగారికి అంతా చెప్తానన్నాను.

"ఏమని చెప్తవు? ఆయన నన్ను అడిగినప్పుడు, నేను చెప్పలేను అయ్యగారూ, పలకరించనీకె వచ్చినోళ్ళకు తెలుసు అన్న. నువ్వు చెప్తవనే అన్న. నువ్వేమో తెల్వదంటివట. ఆయన కండ్లల్ల అబద్ధాలదాన్నైన నేను."

అయ్యగారు ఆ రోజు నా దగ్గరికి ఎందుకు వచ్చారో అప్పుడు తెలిసింది నాకు. ఆమె నన్ను నమ్మి పంపింది.

"ఇప్పుడైనా చెప్తా. సీటు నువ్వు..."

"పిచ్చిదానా. అప్పుడైతే ఆయన ఒక్కడే వింటుండె. ఇప్పుడు సీటు వాపస్ ఎందుకిస్తున్నవంటే సంఘమంత అడుగుతది, బజారంత అడుగుతది. ఆమె పెనిమిటి ఇంక జేల్లనే ఉన్నడు. నాయన సంగతేంది? చెప్పాల్సిన్నాడు చెప్పలే. ఇగ చెప్పకు." చుట్టిన చాపను గోడకు నిలబెట్టింది. "పోయి చదువుకో. మంచిగ చదువు."

మా దగ్గర పాపానికి ఒక దారి ఉంది. సంఘం ముందు నిలబడి ఒప్పుకుంటే తేలికవుతుంది. ఎంతమంది అలా లేచి చెప్పి, ఏడ్చి, తేలికై కూర్చోవడం చూశానో. నాకు ఆ దారి లేకుండా నేనే చేసుకున్నాను. నేను తేలికపడితే ఆ బరువు వాళ్ళ నాయన మీద పడుతుంది. కాబట్టి మోశాను. చేతులు కుట్టిన కోటు వేసుకుని రైలెక్కాను.

కళాశాలలో ఆరేళ్ళు. నా పేరు వినగానే "ఆ పురుడు పోసిన అమ్మాయి కదా" అనేవాళ్ళు. మొదటి ఏడు కప్ప దగ్గర, రెండో ఏడు శవం దగ్గర చేతులు వణికినప్పుడల్లా, ఈ చోటు నాది కాదు అనిపించేది. రాత్రుళ్ళు మోకరిస్తే మాటలు వచ్చేవి కావు. వాక్యాలు అన్నీ గుర్తున్నాయి, ఒక్కటీ నా వైపు తిరిగేది కాదు. సెలవులకు వచ్చినప్పుడు ఆమె మారేడ్‌పల్లిలో ఆడపిల్లల బళ్ళో సైన్సు టీచరు. పిల్లలతో నీళ్ళగ్లాసులో శెనగలు నానబెట్టించి మొలకలు చూపిస్తోంది. నన్ను చూసి నవ్వింది. పిల్లలతో, "డాక్టరమ్మ, దండం పెట్టుండ్రి," అంది. అందులో ఎత్తిపొడుపు వెతికాను. లేదు. లేకపోవడమే కష్టంగా ఉండేది.

ఆమె మాట్లాడకుండా ఉంటే భరించేదాన్ని. ఉత్తరాలు రాసేది. జైల్లో ఉన్న ఆ బాలింత భర్త విడుదలై వచ్చాడని, పొరుగింటి నుంచి తల్లీపిల్లను తీసుకుపోయాడని, పిల్లకు పళ్ళొచ్చాయని రాసింది. నాయనమ్మ పోయిందని రాసింది. తనకు పెళ్ళయిందని రాసింది, ఆయన రైల్వేలో గుమాస్తా అని, పాట బాగా పాడతాడని, "ఇంట్ల ఒకరన్న పాడాలె గద" అని.

చదువు ముగించుకుని సికింద్రాబాదులోనే ఒక ఆసుపత్రిలో చేరాను. హైదరాబాదు రాష్ట్రం ఇంక కొన్నాళ్ళే ఉంటుందని, ఆంధ్రతో కలిపేస్తారని అందరూ మాట్లాడుకుంటున్న రోజులు. ఒక మధ్యాహ్నం రిక్షాలో ఆమెను తీసుకొచ్చారు. తొలిచూలు. వేరే డాక్టరు కూడా ఉంది. నా స్నేహితురాలు నా వైపు చూపించి, "అది చేస్తది," అంది.

నేను చేతులు కడుక్కుంటుంటే నొప్పికి నొప్పికి మధ్య పిలిచింది.

"ఏమే. కత్తెర ఉడకబెట్టినవా?"

నర్సు తెల్లబోయి చూసింది.

"ఇరవై నిమిషాలు," అన్నాను.

ఆమె నవ్వబోయింది. ఇంకో నొప్పి వచ్చి నవ్వు సగంలో ఆగింది.

పొద్దు వాలకముందే మగపిల్లాడు పుట్టాడు. బొడ్డుతాడు నా చేత్తో కోశాను. చెయ్యి వణకలేదు. ఆమెను శుభ్రం చేసి పడుకోబెట్టాక, నర్సు బిడ్డను తీసుకుని అటు వెళ్ళాక, పైకప్పు వైపు చూస్తూ అడిగింది.

"నువ్విప్పుడు డాక్టరువు గద. ఒకటి చెప్పు. ఆమెకు ఆ జరం నా కొంగు తోనే వచ్చిందా?"

కాదు అని చెప్పవచ్చు. చాలా తేలిక. పురిటిమంచం మీద ఉన్నదానికి అంత మాత్రం చెప్పకూడదా అని మనసు వెంటనే కారణం కూడా చూపించింది. అలాంటి మాట నా నాలుక మీద ఎంత సులువుగా కూర్చుంటుందో నాకు తెలుసు.

"కావచ్చు," అన్నాను. "మసి అంటిన కత్తెర, తుడిచిన కొంగు. వాటితోని రావచ్చు. వారం రోజులు పొలాల్లో నడిచొచ్చింది, దాంతోని సుత రావచ్చు. ఇప్పుడు ఎవరూ తేల్చి చెప్పలేరు. కాని నువ్వు అక్కడ లేకుంటే ఆ తల్లీబిడ్డా బతికేవాళ్ళు కాదు. అది మాత్రం తేల్చి చెప్పగల్గుత."

ఆమె కళ్ళ చివర నుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. తుడుచుకోలేదు.

"ఊఁ," అంది. "ఇప్పుడు డాక్టరువైనవ్."

క్షమించావా అని నేను అడగలేదు. క్షమించానని ఆమె అనలేదు. ఆ తర్వాత నలభై ఏళ్ళు ఒకే చాప మీద కూర్చున్నాం, ఆ చాపలు పోయి బల్లలు వచ్చినా పక్కపక్కనే కూర్చున్నాం. ఏటా ఫలితాల వేళ సీటు రాని పిల్లలను వెంటబెట్టుకుని ఆమె నా దగ్గరికి వచ్చేది. "వీళ్ళకు జెర చెప్పు," అనేది. వాళ్ళకు ఏం చెప్పాలో నాకు ఎప్పుడూ తెలిసేది కాదు. ఆమెను చూపించి, ఈమెను చూడండి అనాలని ఉండేది. అంటే ఎందుకో చెప్పాల్సి వస్తుంది. టీ ఇచ్చి, ఇంకోసారి రాయండమ్మా అని పంపేదాన్ని. సీటు వచ్చినదాని భయం వాళ్ళెవరికీ అర్థమయ్యేది కాదు.

వాళ్ళ నాయన పోయాడు, అయ్యగారు పోయారు. మొన్న వానాకాలం ఆమె కూడా వెళ్ళిపోయింది. ఇక దాచి కాపాడాల్సినవాళ్ళు లేరు. ఆ ఎర్ర అట్ట పుస్తకం కోసం చర్చి వెనకగది బీరువాలో వెతికాను. చాలాకాలం కిందటే చెదలు పట్టి, కాల్చేశారట. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఆ ఆరు ఆదివారాలకు ఎదురుగా, ఆరు గడుల్లోనూ నేను రాయవలసింది ఇదీ.

కారణం: మన గంట మోగుతున్న వేళ ఇంటికి వచ్చిన చూలాలికి పురుడు పోసింది. జ్వరం తగ్గేదాకా పక్కనే ఉంది. పలకరించడానికి వెళ్ళినదానికి ఈ సంగతి తెలుసు.